అంతర్జాతీయాభివృద్ధి విద్య: విద్యాలయముల తారతమ్య విచారము

1949 జనవరి 20వ తేదీన అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్ తన పదవీస్వీకారోపన్యాసమున నాలుగవ అంశముగా, విజ్ఞానశాస్త్రమువలనను పరిశ్రమలవలనను తమ జాతి పొందిన ఫలములను వెనుకబడిన దేశముల అభ్యున్నతికై అందుబాటులోనికి తేవలెనని ప్రకటించిన నాటినుండి, ఒక దేశపు దారిద్ర్యమును గూర్చి వేఱొక దేశమువారు అధ్యయనము చేసి, దాని నివారణమే జీవనోపాధిగా స్వీకరించు వృత్తి యొకటి లోకమున రూపుదాల్చినది. వృత్తి యేర్పడిన వెనుక దానికి తగిన విద్యయు, విద్యకు తగిన పట్టాలును పుట్టినవి. నేడు అమెరికా, ఇంగ్లండు, హాలెండు, స్విట్జర్లాండు, జర్మనీ మొదలైన దేశములలో అంతర్జాతీయాభివృద్ధి పేరనో, ప్రజావిధానము పేరనో, అభివృద్ధి అర్థశాస్త్రము పేరనో స్నాతకోత్తర విద్య గఱపు విద్యాలయములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో బి.టెక్కో బి.ఏ.యో ముగించి, కొన్నాళ్లు ఉద్యోగము చేసి, ఇక ప్రజలకు పనికివచ్చు పనిలో ప్రవేశింపవలెనని తలచు యువతీయువకులు మన యిండ్లలోను తఱచుగా కానవచ్చుచున్నారు. వారు మొట్టమొదట అడుగు ప్రశ్న మాత్రము దాదాపు ఎల్లప్పుడు ఒక్కటే: వీనిలో ఏది గొప్పది?

ఈ ప్రశ్నకు ర్యాంకుల పట్టికలు సమాధానము చెప్పజాలవు. ఇంగ్లండులోని సస్సెక్స్ విశ్వవిద్యాలయము, తన ఆవరణలోనే యున్న అభివృద్ధి అధ్యయన సంస్థతో కూడి, అభివృద్ధి శాస్త్రమునకు సంబంధించిన క్యూ.ఎస్. పట్టికలో కొన్నేండ్లుగా ప్రథమస్థానమున నిలుచుచున్నది. అన్ని శాస్త్రములను కలిపి లెక్కించు పట్టికలో అదే విశ్వవిద్యాలయము ఎంతో దిగువన నుండును. ఏ పట్టిక చూచినవాడు ఆ విధముగా భ్రమపడును. నా అభిప్రాయమున అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఈ విద్య నా చేత ఏ పని చేయింపగలదు? చదువు ముగిసిననాడు నా నెత్తిన ఎంత అప్పు నిలుచును? మొదటి ప్రశ్నను విచారించువారే కొద్దిమంది. రెండవదానిని విచారించువారు కూడ, సాధారణముగా, ప్రవేశపత్రము చేతికి వచ్చిన పిమ్మటనే విచారింతురు.

విద్యాలయములను వాని పుట్టుకను బట్టి పరిశీలించినచో వాని స్వభావము తేటపడును. వానిలో మొదటి తెగ దౌత్యవిద్యాలయములు. వాషింగ్టనులోని జార్జిటౌన్ విదేశాంగసేవా విద్యాలయము 1919లోను, బోస్టను చెంత టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్లెచర్ విద్యాలయము 1933లోను, పాల్ నిట్జె, క్రిస్టియన్ హెర్టర్ అనువారు నెలకొల్పగా తరువాత జాన్స్ హాప్కిన్స్‌లో చేరిన ఉన్నత అంతర్జాతీయాధ్యయన విద్యాలయము 1943లోను వెలసినవి. వీని తొలి ఉద్దేశము తమ ప్రభుత్వమునకు రాయబారులను తయారుచేయుట. అభివృద్ధి వీనిలో తరువాత వచ్చి చేరిన శాఖ. చరిత్ర, అంతర్జాతీయ న్యాయము, భాషలు, ఆర్థికశాస్త్రము అన్నియు కొంత కొంతగా నేర్పు ఈ చదువు అమెరికా పౌరునకు తన ప్రభుత్వపు వాకిలి తెఱచినంత సులభముగా విదేశీయునకు ఏ వాకిలియు తెఱవజాలదు. ఆ ప్రభుత్వోద్యోగములకు అతడు అర్హుడే కాడు. వాషింగ్టను నగరముననే ప్రపంచబ్యాంకును అంతర్జాతీయ ద్రవ్యనిధియు ఉండుటచేత అచ్చట చదువుకొన్నవానికి పరిచయములు పెరుగుట నిజమే. అయినను ఆ పరిచయముల కొఱకే రెండేండ్ల ఫీజు చెల్లించుట నాకు సమంజసముగా తోచదు.

రెండవ తెగ అర్థశాస్త్రము ప్రధానముగా గలది. ఇందు ఎక్కువగా చెప్పుకొనదగినది హార్వర్డు కెనెడీ విద్యాలయమువారు 1999లో ప్రారంభించిన అంతర్జాతీయాభివృద్ధి ఎం.పి.ఏ. దీనిలో ప్రవేశించుటకు సూక్ష్మార్థశాస్త్రము, స్థూలార్థశాస్త్రము, బహుచలరాశుల కలనగణితము ముందుగానే చదివియుండవలెను. మొదటి యేడు డాక్టరేటు విద్యార్థుల స్థాయికి దగ్గరగా వచ్చునంత గణితప్రధానమైన అర్థశాస్త్రమును, అర్థమితిని బోధింతురు. వేసవిలో ఏదో ఒక దేశమున పని. రెండవ యేడు చివర ఒక్క విధానసమస్యను తీసికొని, గణాంకములతో పరిశీలించి, ఒక ప్రభుత్వమో సంస్థయో ఆచరింపదగిన సూచనలతో సుదీర్ఘమైన నివేదిక. యేల్ విశ్వవిద్యాలయమువారి అంతర్జాతీయాభివృద్ధి అర్థశాస్త్రపు ఏకవార్షిక పట్టా, 1960 నుండి విలియమ్స్ కళాశాలవారు వెనుకబడిన దేశముల ప్రభుత్వోద్యోగుల కొఱకు నడపుచున్న అభివృద్ధి అర్థశాస్త్ర కేంద్రపు పట్టా ఈ తెగలోనివే. విలియమ్స్ పేరు మనవారికి అంతగా తెలియదు. ఆర్థికశాఖలోనో ప్రణాళికాశాఖలోనో రిజర్వుబ్యాంకులోనో కొన్నేండ్లు పనిచేసినవారికి అంతకంటె అనువైన స్థానము అమెరికాలో మఱియొకటి కలదని చెప్పుట కష్టము.

ఈ విద్య దేనికి పనికివచ్చునో చూపుటకు మన ప్రాంతమునుండియే ఒక దృష్టాంతము గైకొనవచ్చును. ఉపాధిహామీ కూలి, వృద్ధాప్యపు పింఛను పోస్టాఫీసులద్వారా చెల్లింపబడుచుండిన కాలమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్రేలిముద్రలతో కూడిన స్మార్టుకార్డుల విధానమును ప్రవేశపెట్టదలచినది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు ప్రభుత్వముతో సంప్రదించి, ఎనిమిది జిల్లాలలో ఏ మండలములలో ముందుగాను, ఏ మండలములలో వెనుకగాను కార్డులు పంచవలెనో చీట్లు వేసినట్లుగా నిర్ణయింపజేసిరి. ఆ విధముగా 157 మండలములలో, ఇంచుమించు ఒక కోటి తొంబది లక్షల జనాభాగల ప్రదేశమున, కార్డులు వచ్చినచోటును రానిచోటును సరిపోల్చి చూచుటకు వీలైనది. కూలి చేతికందు గడువు తగ్గినదనియు, సొమ్ము చెల్లించుచోట వేచియుండవలసిన వేళ తగ్గినదనియు, నడుమ మాయమగు సొమ్ము తగ్గినదనియు, అర్హులైనవారు పథకమునకు దూరము కాలేదనియు తేల్చి 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రకటించిరి. ఇందలి సామర్థ్యమును గమనింపుడు. ఎక్కడ చీట్లు వేయవలెనో, ఎంతమందిని ప్రశ్నింపవలెనో, కూలివాడు అందినదని చెప్పిన మొత్తమును ప్రభుత్వపు లెక్కలోని మొత్తముతో ఎట్లు పోల్చవలెనో తెలిసినవారే ఈ పని చేయగలరు. అది నేర్పబడునట్టి విద్య. చేతికి పని నేర్పు విద్య. 2003లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, సెంథిల్ ముల్లైనాథన్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్థాపించిన జె-పాల్ ఈ పద్ధతికి ప్రధానకేంద్రమైనది. 2019లో బెనర్జీ, డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు లభించిన నోబెల్ బహుమానము దీనికి ప్రతిష్ఠ చేకూర్చినది. ఈ విద్యాలయమువారే ఇంటికడ కూర్చుండి కంప్యూటరుమీద చదువుకొనదగిన మైక్రోమాస్టర్స్ పాఠములను నడపుచు, వానిలో ఉత్తీర్ణులైనవారిలో కొందఱిని పట్టా చదువునకు మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జికి పిలుచుచున్నారు. పేదయింటి బిడ్డకు ఇంతకంటె తక్కువ ఖర్చుతో తన సామర్థ్యమును పరీక్షించుకొను అవకాశము మఱెచ్చటను లభింపదని నేను నమ్ముచున్నాను.

అయినను ఈ తెగకు ఒక లోపము కలదు. లెక్కకు దొరకు ప్రశ్నలే అడుగుట అలవాటైనవాడు లెక్కకు దొరకని ప్రశ్నలను మఱచిపోవుట కద్దు. భూమి ఎవరి చేతిలో నున్నది, ఊరిలో ఎవరి మాట చెల్లును, పథకము వచ్చినపుడు ఎవరు మౌనముగా వెనుకకు జరిగిరి అన్న సంగతులు సర్వేపత్రమున ప్రశ్నగా మాఱుట సులభము కాదు.

ఆ ప్రశ్నలకు పుట్టినిల్లు మూడవ తెగ. ది హేగ్ నగరమున 1952లో స్థాపింపబడి, 2009లో రోటర్‌డాం ఎరాస్మస్ విశ్వవిద్యాలయమున విలీనమైన సామాజికాధ్యయన సంస్థ, 1966లో డడ్లీ సీర్స్ తొలి సంచాలకుడుగా సస్సెక్స్‌లో వెలసిన అభివృద్ధి అధ్యయన సంస్థ, లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాలయము, ఆక్స్‌ఫర్డు, మాంచెస్టరు, ఈస్ట్ ఆంగ్లియాలలోని అభివృద్ధి శాఖలు ఇందు ముఖ్యములు. 1969లో ఢిల్లీలో జరిగిన ప్రపంచసభలో ఆ డడ్లీ సీర్స్ చేసిన ప్రసంగము ఈ తెగకు పునాదివంటిది: తలసరి ఆదాయము ఎంత పెరిగినను పేదరికము, నిరుద్యోగము, అసమానత పెరిగినచో దానిని అభివృద్ధి యనుట తగదని ఆయన వాదము. జేమ్స్ ఫెర్గూసన్ లెసోతో దేశమునగూర్చి వ్రాసిన గ్రంథము, ఆర్టూరో ఎస్కోబార్ గ్రంథము మొదలైనవి ఈ విద్యాలయములలో నిత్యపాఠ్యములు. అభివృద్ధి యను కార్యకలాపమునే అనుమానదృష్టితో పరీక్షింపుమని ఇవి బోధించును.

ఈ తెగనుండియే మనదేశమునకు అత్యంత సన్నిహితుడైన ఆచార్యుడు బయలువెడలెను. సస్సెక్స్ సంస్థకు చెందిన రాబర్ట్ చాంబర్స్ 1983లో ప్రకటించిన గ్రామీణాభివృద్ధి గ్రంథమున, పట్టణమునుండి పల్లెను చూడవచ్చు నిపుణుని కన్ను ఎట్లు మోసపోవునో వివరించెను. అతడు తారురోడ్డు ప్రక్కనున్న ఊరే చూచును. ఆ ఊరిలోను రోడ్డువారనున్న పెంకుటిండ్లనే చూచును. పురుషులతోను పెద్దలతోను మాటాడును. పథకము అమలు జరిగిన వాడకే వెళ్లును. వానలు వెలిసి, బురద యారి, పంట యింటికి చేరిన కాలముననే ప్రయాణము పెట్టుకొనును గనుక, గాదెలు వట్టిపోయి, జ్వరములు ముసిరి, అప్పు పుట్టని శ్రావణ భాద్రపదముల కఱవు అతని కంట పడదు. ఈ చాంబర్స్ 1989 నుండి 1991 వఱకు హైదరాబాదులోని పరిపాలనా సిబ్బంది కళాశాలలో నుండి పనిచేసెను. గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామసహాయ కార్యక్రమమువారును, కర్ణాటకలో మైరాడావారును ఆ కాలముననే ఒక క్రొత్తపద్ధతిని సాధన చేయుచుండిరి: ఊరిలోని జనులు రచ్చబండ చెంత గుమిగూడి, నేలమీద ముగ్గుపిండితోను, రంగుల పొడులతోను, చింతగింజలతోను, రాళ్లతోను తమ ఊరి పటము తామే వేయుదురు, ఏ యిల్లు ఎవరిది, ఏ బావి ఏ నెలలో ఎండిపోవును, ఏ కుటుంబమునకు ఏటిలో ఎన్ని నెలలు తిండికి లోటు అన్నవి అందఱి యెదుట తేల్చుకొందురు, ఒకరు తప్పు చెప్పినచో మఱియొకరు గింజను జరిపి దిద్దుదురు. భాగస్వామ్య గ్రామావలోకనమని పిలువబడిన ఈ పద్ధతి ఇచ్చటినుండి ఆఫ్రికాకును, ఆగ్నేయాసియాకును ప్రాకినది. నేడు సస్సెక్స్‌లోనో హేగ్‌లోనో చేరు తెలుగు విద్యార్థి తరగతిలో ఈ పద్ధతిని నేర్చుకొనునపుడు, అందులో మన దక్కను పల్లెల వివేకము కొంత కలదని తెలిసికొనుట మంచిది.

ఈ తెగ విద్యాలయములనుండి వెలువడినవాని కష్టము వేఱు. అతడు ప్రతి పథకమునందును దోషము చూపగలడు. బడ్జెటు వేయుట, సమాచారమును శుద్ధిచేసి విశ్లేషించుట, టెండరు పత్రము వ్రాయుట మాత్రము తెలియదు. ఉద్యోగమిచ్చువారు వీనినే అడుగుదురు. కావున ఇచ్చట చేరువాడు, పాఠక్రమములో లేకపోయినను, గణాంకశాస్త్రపు తరగతులు రెండైనను తనంతట తాను చేర్చుకొనుట ఆవశ్యకము.

ఆచరణాత్మకాభివృద్ధి యను పేర మఱియొక తెగ 2009 తరువాత వ్యాపించినది. మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ సాయముతో, జెఫ్రీ సాక్స్, జాన్ మెకార్థర్ అధ్యక్షులుగా నేర్పడిన సంఘము, వ్యవసాయము, ఆరోగ్యము, పర్యావరణము, అర్థశాస్త్రము కలిసిన రెండేండ్ల చదువు కావలెనని 2008లో సూచింపగా, కొలంబియా మొదలు పలు విశ్వవిద్యాలయములు దానిని ప్రారంభించినవి. అన్నియు కొద్దికొద్దిగా తెలిసి, ఏ ఒక్కటియు పూర్తిగా తెలియనివాడు తయారగునను భయము నాకు ఇందు తీఱలేదు.

చర్చలలో సాధారణముగా విడిచివేయబడునది, నా మతమున అన్నింటికంటె విలువైనది, వృత్తిశాస్త్రముల మార్గము. లండనులో 1899లో నెలకొన్న పారిశుద్ధ్య, ఉష్ణమండల వైద్య విద్యాలయము, బాల్టిమోరులో 1916లో ఏర్పడిన జాన్స్ హాప్కిన్స్ ప్రజారోగ్య విద్యాలయము, హాలెండులోని వాగెనింగెన్ వ్యవసాయ విశ్వవిద్యాలయము, డెల్ఫ్ట్ నగరమున 1957 నుండి విదేశపు ఇంజనీర్లకు జలశాస్త్రము బోధించుచున్న ఐ.హెచ్.ఇ. ఈ కోవలోనివి. వైద్యము చదివినవారు అంటురోగశాస్త్రమును, సివిల్ ఇంజనీరింగు చదివినవారు నీటియాజమాన్యమును, వ్యవసాయశాస్త్రము చదివినవారు విత్తనభూసారశాస్త్రములను పైకి కొనసాగించి అభివృద్ధిరంగమున ప్రవేశించినచో, ఏ దేశపు ప్రభుత్వము మాఱినను వారి యవసరము తఱుగదు. మన తెలుగునాట ఇంజనీర్లకును వైద్యులకును కొదవ లేదు. వారు తమ విద్యను పూర్తిగా విడిచి, వ్యాసములు వ్రాయు చదువునకు మఱలుట చూచినపుడు నాకు నిజముగా విచారము కలుగును.

ఇక అప్పు మాట. అమెరికాలోని పేరుపొందిన విద్యాలయములలో ఫీజు ఏటా అఱువది వేల డాలర్లకు అటునిటుగా నున్నది. భోజనవసతులకు మఱియొక పాతిక ముప్పది వేలు. రెండేండ్లకు మన రూపాయలలో ఇంచుమించు కోటిన్నర. ఇంగ్లండులో పట్టా ఒక్క యేటనే ముగియును గనుక అందులో సగముకంటె తక్కువలో తేలును. ఇల్లు తాకట్టు పెట్టి కోటి రూపాయలు నూటికి పది వడ్డీకి తెచ్చినవానికి ఏటి వడ్డీయే పది లక్షలు. మనదేశపు స్వచ్ఛందసంస్థలలో తొలి ఉద్యోగమున లభించు వార్షికవేతనము సామాన్యముగా ఆ మొత్తమునకు చేరదు. అనగా అదిలాబాదు గూడెములలోనో, మలావీలోనో పనిచేయవలెనని బయలుదేరినవాడు, చదువు పూర్తియైన నాటికి, ఆ పని చేయు స్వాతంత్ర్యమును కోల్పోయియుండును. అతడు వాషింగ్టనులోనో లండనులోనో సలహాదారు కంపెనీలో చేరవలెను. లేనిచో బ్యాంకులో చేరవలెను. కొందఱు ఈ యవస్థను తమ యసమర్థతగా భావించి లోలోపల క్రుంగిపోవుదురు. వారి యసమర్థత ఇందేమియు లేదు. లెక్కయే వారిని అటు నెట్టినది.

ఈ విషయమున ప్రిన్స్‌టన్ చరిత్ర మననము చేయదగినది. 1961లో చార్లెస్, మేరీ రాబర్ట్‌సన్ దంపతులు, తమ దేశపు ప్రభుత్వసేవకు, ముఖ్యముగా విదేశవ్యవహారములకు, యువకులను తీర్చిదిద్దుటకై మూడున్నర కోట్ల డాలర్లు ఆ విద్యాలయమున కిచ్చిరి. నలుబదియేండ్లు గడచిన పిమ్మట వారి సంతతివారు, పట్టభద్రులలో ప్రభుత్వసేవకు పోవువారు మిక్కిలి తక్కువయనియు, దాతల యుద్దేశము నెఱవేఱలేదనియు 2002లో న్యాయస్థానమున దావా వేసిరి. 2008లో రాజీ కుదిరినది. దానపత్రమున స్పష్టముగా వ్రాసిన గమ్యమును కూడ పట్టా తనంతట తాను చేర్చజాలదని ఈ వ్యాజ్యము తెలుపుచున్నది. అయితే ప్రిన్స్‌టన్‌లో ఒక మహోపకారము నేటికిని నిలిచియున్నది: అచ్చటి ఎం.పి.ఏ.లో చేరిన వారందఱికిని, దేశభేదము లేక, ఫీజు పూర్తిగా విద్యాలయమే భరించును. స్థానములు కొద్ది, పోటీ ఎక్కువ. దరఖాస్తు చేయకుండుట మాత్రము తెలివిమాలిన పని.

అప్పులేని దారులు మఱికొన్ని కలవు. జర్మనీలోని ప్రభుత్వవిశ్వవిద్యాలయములలో పెక్కింట ఫీజు లేదు; డాడ్ సంస్థవారు అభివృద్ధిశాస్త్రములకు ప్రత్యేకముగా ఉపకారవేతనము లిచ్చుచున్నారు, అందుకు రెండేండ్ల ఉద్యోగానుభవమును వారు కోరుదురు. చెక్ దేశము, ఫ్రాన్సు, ఇటలీలలోని విశ్వవిద్యాలయములు కలిసి నడపు గ్లోడెప్ వంటి ఎరాస్మస్ ముండస్ కార్యక్రమములలో ఉపకారవేతనమునకు ఎంపికైనవారికి ఫీజు మినహాయింపును నెలవారీ భృతియు లభించును. జపాను ప్రభుత్వము ప్రపంచబ్యాంకుద్వారా నిచ్చు వేతనమునకు మూడేండ్ల అభివృద్ధిరంగానుభవము కావలెను. ఇంగ్లండు చదువునకు చీవెనింగ్, కామన్‌వెల్త్ వేతనములు, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, మన దళిత గిరిజన విద్యార్థులకు తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, కేంద్రప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు కలవు. వీనిలో పలువానికి అనుభవము ప్రధానార్హత యగుట గమనింపదగినది. డిగ్రీ ముగిసినదే తడవుగా విమానమెక్కువాడు అప్పు చేసి చదువును. మూడేండ్లు పల్లెలలో పనిచేసి పోవువాడు తఱచుగా ఇతరుల ధనముతో చదువును. పైగా, తరగతిలో చెప్పిన ప్రతి సిద్ధాంతమును తాను కన్నులార చూచిన ఊరితో సరిచూచుకొనగలుగును.

ఉద్యోగముల స్థితి ఇటీవల ఎట్లు తలక్రిందులైనదో తెలియని వారు లేరు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ స్థాపించిన యు.ఎస్.ఎయిడ్ సంస్థ, పదివేలకు పైబడిన సిబ్బందితో ప్రపంచమంతట వ్యాపించియుండినది, 2025 జనవరిలో సహాయము స్తంభింపబడుటతో కూలిపోవ నారంభించి, ఆ యేడు జూలై 1వ తేదీతో స్వతంత్రసంస్థగా అంతరించి, మిగిలిన పనులు విదేశాంగశాఖలో కలిసినవి. ఇంగ్లండులో 1997లో ఏర్పడిన అంతర్జాతీయాభివృద్ధి శాఖ 2020లో విదేశాంగశాఖలో కలిసిపోయినది; జాతీయాదాయములో నూటికి 0.7 వంతుగా నుండిన సహాయము 2021లో 0.5కు దిగి, 2027 నాటికి 0.3కు దిగుటకు నిర్ణయమైనది. ఈ సంస్థల ధనముతో బ్రతికిన కంపెనీలు, స్వచ్ఛందసంస్థలు వేలాది ఉద్యోగులను తొలగించినవి. పదునైదేండ్ల యనుభవము గలవారు నేడు క్రొత్త పట్టభద్రులతో పోటీపడి తొలిమెట్టు ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుచున్నారు. ఈ పరిస్థితిలో కోటి రూపాయల అప్పుతో ఈ చదువు చదువుమని ఎవరికిని నేను చెప్పజాలను.

ఐక్యరాజ్యసమితిలో ప్రవేశమును గూర్చియు భ్రమలు తొలగించుకొనవలెను. అచ్చటి జూనియర్ ప్రొఫెషనల్ ఉద్యోగములను ధనవంతదేశముల ప్రభుత్వములు సొమ్ము చెల్లించి, చాలవఱకు తమ పౌరులకే ఇప్పించుకొనును. ప్రపంచబ్యాంకువారి యువనిపుణుల పథకమున భారతీయులు చేరవచ్చును గాని, ముప్పదిరెండేండ్లు దాటరాదు, పోటీ లోకమంతటినుండియు వచ్చును. వీసా నియమములు మఱియొక చిక్కు: అమెరికాలో గణితప్రధానమని గుర్తింపబడిన పట్టాలకు చదువు తరువాత మూడేండ్లవఱకు పనిచేయుటకు వీలున్నది, తక్కినవానికి ఒక్కయేడే, ఇంగ్లండులో రెండేండ్లుండిన గడువును పదునెనిమిది నెలలకు తగ్గించుటకు 2025లో ప్రభుత్వము సంకల్పించినది.

ఇన్ని విచారించినపుడు, స్వదేశపు విద్య స్మరణకు రాకుండునా? 1979లో వర్గీస్ కురియన్ ఆనంద్‌లో నెలకొల్పిన గ్రామీణయాజమాన్య సంస్థ, 1936 నాటి టాటా సామాజికశాస్త్ర సంస్థయు హైదరాబాదులోని దాని ఆవరణయు, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము, కె.ఎన్. రాజ్ తిరువనంతపురమున స్థాపించిన అభివృద్ధి అధ్యయన కేంద్రము, రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, ఇవన్నియు విదేశపు ఫీజులో స్వల్పభాగముతో ఈ శాస్త్రమును బోధించునవి. భారతదేశమే నేడు సహాయమొసంగు దేశము: 1964 నుండి ఐటెక్ పథకముక్రింద ఆఫ్రికా, ఆసియా ఉద్యోగులకు శిక్షణ నిచ్చుచున్నది, 2012లో విదేశాంగశాఖలో అభివృద్ధి భాగస్వామ్య విభాగ మేర్పడినది. ఇంతకుమించిన నిదర్శనము మన మహిళాసంఘములలో నున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, వెలుగు పథకముద్వారా తీర్చిదిద్దిన సంఘనాయికలు, పెద్ద చదువులు లేనివారు, బీహారు పల్లెలకు వెళ్లి అచ్చటి జీవిక పథకపు స్త్రీలకు పొదుపు లెక్కలు వ్రాయుటయు, సమావేశము నడపుటయు, బ్యాంకు మేనేజరుతో మాటాడుటయు నేర్పిరి. ఏ విదేశవిద్యాలయమున చేరగోరువారైనను ముందుగా అట్టి సంఘములో ఒక యేడాది గుమాస్తాగానైనను పనిచేయుట నా దృష్టిలో ఎంతో శ్రేష్ఠమైన పూర్వవిద్య.

విదేశవిద్యను నేను నిరసించుటలేదు. పోవలసినవారున్నారు. గణితమందు గట్టివారై, ప్రభుత్వముల ఆర్థికనిర్ణయములను ప్రభావితము చేయదలచినవారు హార్వర్డు, ప్రిన్స్‌టన్, యేల్ వంటి చోట్లకు ఉపకారవేతనముతో పోవలెను. భూమి, కులము, శ్రమ, స్త్రీలు అన్న విషయములపై లోతుగా చింతింపదలచినవారు హేగ్‌కో సస్సెక్స్‌కో ఆక్స్‌ఫర్డుకో పోవలెను. వైద్యులు, ఇంజనీర్లు తమ శాస్త్రపు విద్యాలయములకే పోవలెను. ఏ శాస్త్రమందును స్థిరమైన పట్టులేక, ఊరక అంతర్జాతీయమను శబ్దముచే ఆకర్షింపబడినవారు మాత్రము రెండేండ్లు ఆగుట మేలు.

ఆశ్రయింపదలచిన విద్యాలయమును పరీక్షించునపుడు ఆచార్యుల ప్రసిద్ధిని చూచి మోసపోరాదు. నోబెల్ బహుమానము పొందినవారు పట్టా విద్యార్థులకు పాఠము చెప్పుదురా, లేక సహాయకులచేత చెప్పింతురా అని విచారింపవలెను. భాషను కూడ ఆలోచింపవలెను: పశ్చిమాఫ్రికాలో పనిచేయగోరువానికి ఫ్రెంచి రాకున్నచో తలుపులు మూసికొనును, ఇంగ్లీషు ఫ్రెంచి రెండు భాషలలోను బోధన జరుగు జెనీవా విద్యాలయము, ఫీజు కూడ అమెరికాతో పోల్చిన చాల తక్కువగుటచేత, మనవారు ఇంతవఱకు చూపిన శ్రద్ధకంటె ఎక్కువ శ్రద్ధకు పాత్రమైనది. విద్యాలయములు ప్రకటించు ఉద్యోగవివరములలో స్వదేశీయులు, విదేశీయులు కలిసి యుందురు గనుక, ఆ లెక్క మనవారికి చెల్లదు. గత మూడేండ్లలో అక్కడ చదివిన భారతీయుల పేర్లు తెలిసికొని, వారిలో నలుగురైదుగురికి జాబు వ్రాసి, పట్టా వచ్చిన ఎన్ని నెలలకు తొలి ఉద్యోగము దొరికినది, అది ఏ దేశమున, ఏ పనిలో, నెలకు అప్పుక్రింద ఎంత కట్టుచున్నారు అని అడుగవలెను. సిగ్గుపడక అడిగినచో, చాలమంది దాపరికము లేక చెప్పుదురు.